నాలుగు సెకన్లకో దెబ్బ

మే 2, 2006

ఇవాళ తేజ్‌పాల్ మళ్ళీ ఒకణ్ణి కొట్టాడు. స్టీలు స్కేలు తీసుకుని చెవి మీద ఒక్కటిచ్చాడు. రేకులొత్తే ప్రెస్ షాపుకి సూపర్‌వైజరంటే కొట్టడానికే జీతమిస్తున్నారని వాడి నమ్మకం. చెవి వెనక తెగి రక్తం కాలరు మీదికి కారింది. దెబ్బ తిన్నవాడు చేత్తో తుడుచుకుని మళ్ళీ మిషను దగ్గరికెళ్ళి నిలబడ్డాడు. నేను టీ తాగుతూ చూశాను. నేను ఎలక్ట్రానిక్స్ వాణ్ణి, నా గది వేరు, నా పని వేరు.

వాడు చేసిన నేరమల్లా నెమ్మదిగా చెయ్యడం. ప్రెస్సులు పన్నెండు, ఒక్కోదానికి రెండు బటన్లు. రేకుని డై అనే అచ్చు కింద పెట్టి, చేతులు బయటికి తీసి, రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది. చేతులు బటన్ల మీద ఉన్నంతసేపు డై కింద ఉండవు కదా, అదీ ఏర్పాటు. మంచిదే. కానీ ఓనరు ఖురానా సాబ్‌కి మంచిది అక్కర్లేదు, జూలై ఇరవైలోగా లారీలెక్కాల్సిన సరుకు కావాలి.

సాయంత్రం పిలిచాడు. "పెద్దిరాజు జీ, ఈ బటన్లు పీకెయ్యండి. మిషను తనంతట తను దిగాలి, మనిషి దాని వెనక పరిగెత్తాలి. నాలుగు సెకన్లకోసారి. చెయ్యగలరా?"

ఒక్క క్షణం ఏదోలా అనిపించిన మాట నిజం. కానీ చెయ్యగలరా అని నన్నడగడమేమిటి? కాకినాడ పాలిటెక్నిక్‌లో డిప్లొమా పట్టుకుని ఫరీదాబాద్ వచ్చి పదకొండేళ్ళయింది, వీళ్ళకి నేనింకా మద్రాసీనే. పదిహేను రోజుల్లో చేసి చూపిస్తానన్నాను.

మే 7

చపాతీలు వత్తుతున్న మా ఆవిడ హైమని కూర్చోబెట్టి చెప్పాను. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటు తిన్నగా రాదు, సెకనుకి యాభైసార్లు ఎక్కి దిగుతుంది, నున్నటి అల అది. దాన్ని చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో తగ్గించి, తలా తోకా కోసి, లెక్కపెట్టే చిప్పుకి ఇస్తాను. అల సున్నా దాటి పైకెక్కిన ప్రతిసారీ ఒకటి. నూటయాభై అవగానే బజర్ మోగుతుంది, చెయ్యి తియ్యమని. రెండొందలవగానే ప్రెస్సు దిగుతుంది. అంటే మూడో సెకనుకి హెచ్చరిక, నాలుగో సెకనుకి దెబ్బ. విడిగా గడియారమే అక్కర్లేదు.

హైమ ఆసుపత్రిలో నర్సు. చేతులూ కాళ్ళూ నలిగినవాళ్ళ వార్డు. ఆవిడ ప్రశ్నలూ అలాగే ఉంటాయి. "లెక్క తప్పితేనండీ?"

"చిప్పుకి లెక్క తప్పదు. తప్పేది మనుషులకి."

ఆ మాట నాకే నచ్చింది. అందుకే రాసుకున్నాను.

మే 11

ఇవన్నీ అమర్చిన సర్క్యూట్ కార్డు తయారు. పుస్తకాల్లో ఈ అలని లెక్కచిప్పుకిచ్చే ముందు మధ్యలో ఇంకో చిప్పు పెట్టమంటారు, ష్మిట్ ట్రిగ్గర్ అని. అల సున్నా దగ్గర వణికితే, ఆ వణుకులన్నీ లెక్కలోకి రాకుండా ఒక్కసారే రానిస్తుంది. నా బెంచి మీద అల అద్దంలా ఉంది. వణుకూ లేదు, గిణుకూ లేదు. ఆ చిప్పు పీకి పారేశాను. కార్డు అరచేతిలో పట్టేస్తోంది. మూడు రోజులు వదలకుండా ఆడించాను, అరవై వేల పైచిలుకు దెబ్బలు. ఒక్కటి తప్పితే ఒట్టు.

మే 16

పన్నెండింటికీ బిగించాం. బటన్లు పీకి మూల పడేశాం. పన్నెండు ప్రెస్సులూ ఒక్కసారి దిగితే నా గదిలో టీ గ్లాసు అరంగుళం జరిగింది. ఖురానా అందరి ముందూ కౌగిలించుకున్నాడు. తేజ్‌పాల్ మొట్టమొదటిసారి ఇంజినీర్ సాబ్ అన్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు హైమకి రసమలాయి తీసుకెళ్ళాను.

మే 29

ఏడో నంబరు ప్రెస్సు మీద పనిచేసే రామ్‌బచన్ గది దాకా వచ్చాడు. బలియా వైపు మనిషి, నలభై దాటాయి, ఆ ప్రెస్సు మీదే తొమ్మిదేళ్ళు. గుమ్మం అవతలే చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"సాబ్, మిషన్ కభీ కభీ జల్దీ ఆతీ హై."

ఒక్కోసారి తొందరగా దిగుతోందట. బజరూ దెబ్బా దాదాపు కలిసే వస్తున్నాయట. ఎప్పుడు అంటే సరిగ్గా చెప్పలేడు. రోజుకి ఒకసారట, కాదు రెండు రోజులకి ఒకసారట.

ఒళ్ళు మండింది. అరవై వేల దెబ్బలు ఆడించిన కార్డుని ఖైనీ నములుకునేవాడు వచ్చి తప్పు పడతాడా? "మిషను తొందరగా దిగడంలేదు, నువ్వు ఊగుతున్నావు. ఓవర్‌టైము చేసి చేసి నిలబడే కునుకు తీస్తున్నావు. కళ్ళు తెరుచుకుని పనిచెయ్," అన్నాను. అనడం కాదు, అరిచాను. చేతిలో స్క్రూడ్రైవర్ గోడకి విసిరాను కూడా. వాడికి తగలలేదు, తగలాలని విసరలేదు.

"జీ సాబ్," అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

జూన్ 5

నలభై నాలుగు డిగ్రీలు. రోజుకి ఐదారు గంటలు కరెంటు లేదు. ఇదివరకు కరెంటు పోతే జనరేటర్ మీద ప్రెస్సులే నడిచేవి, వెల్డింగ్ వాళ్ళు పడుకునేవాళ్ళు. సరుకు వెనకబడిందని ఈ మధ్య వెల్డింగ్ కూడా జనరేటర్ మీదే అప్పుడప్పుడు నడిపిస్తున్నారు, ఇవాళ్టినుంచి రోజంతా అదేనట. పాత జనరేటరది, మూలుగుతోంది. బల్బులు కొట్టుకుంటున్నాయి.

కార్డుకేం ఫరవాలేదు.

జూన్ 14

మధ్యాహ్నం మూడూ పది. కరెంటు పోయి అరగంటయింది. ఏడో నంబరు.

మొదట అరుపు వినబడలేదు. మిగతా పదకొండు దిగుతూనే ఉన్నాయి కదా. నేను వెళ్ళేసరికి రామ్‌బచన్ ప్రెస్సు ముందు నిలబడి ఉన్నాడు, మామూలుగా పనిచేస్తున్నట్టే. కుడిచెయ్యి డైలో ఉంది. నాలుగు వేళ్ళు లోపల, బొటనవేలు బయట. రక్తం రేకు అంచు వెంబడి సన్నగా కారుతోంది. వాడు అరవడంలేదు, దాన్నే చూస్తున్నాడు. తేజ్‌పాల్ వచ్చి, చెయ్యింకా మిషనులో ఉండగానే, వాడి మెడ మీద పిడికిలితో రెండు గుద్దాడు. "సాలా, సో రహా థా!" నిద్రపోయాడట.

మోటారు ఆపి, ఫ్లైవీల్ అనే పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి డై పైకెత్తడానికి నలుగురికి ఆరేడు నిమిషాలు పట్టింది. పైకి లేచినప్పుడు అరిచాడు. వేళ్ళు వేళ్ళలా లేవు, పాలిథీన్ సంచిలో వేసినా డాక్టర్లు చూసి పక్కన పెట్టేస్తారని తెలుస్తూనే ఉంది. ఎవరో వేశారు.

హైమ డ్యూటీలోనే ఉంది. సాయంత్రం వచ్చి స్నానం చేసింది. అన్నం తినలేదు. నేను తిన్నాను.

జూన్ 15

ఖురానా కాగితం టైపు చేయించాడు. ఆపరేటర్ పనిలో నిద్రపోయాడు, మిషను అన్నివిధాలా సరిగ్గా ఉంది, టెక్నికల్ పరీక్ష చేశాం, సంతకం. కింద నా పేరు. రామ్‌బచన్‌కి ఉద్యోగమూ లేదు, పరిహారమూ లేదు.

పరీక్ష చెయ్యకుండా సంతకమేమిటని కార్డు విప్పి తీసుకొచ్చి బెంచి మీద పెట్టాను. నాలుగు సెకన్లు. నాలుగు. నాలుగు. నాలుగు. గంటసేపు చూశాను. సంతకం పెట్టాను.

కార్డుని మళ్ళీ ఏడో నంబరుకే బిగించాను. డై కడిగారు.

జూన్ 19

చెయ్యి ఎత్తాను.

ఎలా జరిగిందంటే, హైమ యూనిఫాం మార్చకుండానే వచ్చి నా ఎదురుగా నిలబడింది. "రామ్‌బచన్ ఏమంటున్నాడో తెలుసా? కునుకు పట్టి ఉంటుంది దీదీ, నా చేతులారా నేనే పాడు చేసుకున్నాను అంటున్నాడు. ఎడంచేత్తో తలమీద మొట్టుకుంటున్నాడండీ. వాళ్ళావిడ మంచం పక్కన కూర్చుని తిడుతోంది, నిద్రమొహం వెధవా అని."

"అయితే?"

"పక్కమంచం మీద మీ వెల్డరు ఉన్నాడు, కంట్లో నిప్పు పడి వచ్చాడు. లైటు పోయి జనరేటర్ మీదున్నప్పుడే ప్రెస్సులు పిచ్చెక్కినట్టు దిగుతాయని వాడంటున్నాడు. మీరు జనరేటర్ మీద పెట్టి చూశారా అసలు?"

నర్సువి నువ్వు, నాకు సర్క్యూట్లు నేర్పుతావా అన్నాను. "చూశారా లేదా, అది చెప్పండి," అంది. మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగేసరికి చెంప మీద పడింది. ముక్కుపుడక దగ్గర చీరుకుంది.

హైమ ఏడవలేదు. అద్దం దగ్గరికెళ్ళి పత్తి అద్దుకుంది, వార్డులో ఎవరికో అద్దుతున్నట్టు.

జూన్ 20

గట్టిగా కొట్టలేదు.

జూన్ 21

గట్టిగా కొట్టలేదు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇది మొదటిసారి. రెండోసారి. తిరుపతిలో జరిగింది లెక్కలోకి రాదు.

జూన్ 25, ఆదివారం

ఫ్యాక్టరీలో ఎవరూ లేరు, వాచ్‌మన్ తప్ప. పదకొండింటికి వెళ్ళాను. హైమ అడిగినందుకు కాదు, నా తృప్తి కోసం.

ఏడో నంబరు మోటారు ఆపేసి, కార్డు ఒక్కటే ఆడించాను. అలని తెర మీద చూపించే స్కోపు పక్కన పెట్టుకుని జనరేటర్ వేశాను. నాలుగు సెకన్లు. నాలుగు. అల కొంచెం గరుగ్గా ఉంది గానీ ఫరవాలేదు. ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాను. నిజంగా లేచాను కూడా. మళ్ళీ ఏమనిపించిందో వాచ్‌మన్‌ని పిలిచి, ఒక వెల్డింగ్ సెట్టు ఆన్ చేసి ఇనపముక్క మీద గీకమన్నాను.

స్కోపులో అల సున్నా దగ్గర రంపం పళ్ళలా విరిగింది. ఒక్కో దాటుకి మూడు పళ్ళు, నాలుగు పళ్ళు. నా చిప్పు ఒక్కటీ వదలకుండా అన్నీ లెక్కపెట్టింది. పన్ను పన్నుకీ ఒకటి.

నాలుగు సెకన్లు. ఒకటీ ముప్పావు. మూడు. ఒకటింబావు. బజర్ మోగి, నేను రెప్ప వేసేలోపు దెబ్బ.

చిప్పుకి లెక్క తప్పలేదు. ఉన్నవన్నీ లెక్కపెట్టింది. లెక్కపెట్టకూడనివి ఏవో దానికి నేర్పాల్సినవాణ్ణి నేను, ఆ పని చేసే చిప్పుని పీకి పారేసినవాణ్ణి నేను. పదకొండేళ్ళ సర్వీసు. ఎంత కోపం వచ్చిందంటే బెంచి మీద చెయ్యి వేసి సుత్తితో కొట్టుకుందామనిపించింది. సుత్తి తీశాను. కొట్టుకోలేదు. వాచ్‌మన్ చూస్తున్నాడు.

జూన్ 26

ఖురానాకి చెప్పాను. తలుపు మూసి, మెల్లిగా. కోప్పడతాడనుకున్నాను, కోప్పడలేదు. కాగితం తీసి నా వైపు తిప్పాడు. "యే దస్తఖత్ కిస్కా హై? ఈ సంతకం ఎవరిది? జైలుకి వెళ్ళేది ఎవరు, నేనా? ఇరవయ్యో తారీఖు దాకా ఆగండి. సరుకు వెళ్ళిపోతే కార్డులన్నీ మార్చుకుందురు గాని."

జనరేటర్ మీద వెల్డింగన్నా ఆపించండి అన్నాను. కుదరదన్నాడు. ఆదివారాలు వచ్చి గుట్టుగా బాగుచేసుకోండి, పని ఆగకూడదు, ఎవరికీ తెలియకూడదు, అంతవరకే ఒప్పుకున్నాడు.

అప్పుడు నేను, రామ్‌బచన్ ఇంట్లో గడిచే దారి లేదు సాబ్, వాళ్ళ తమ్ముడున్నాడు, వాడికి పని ఇవ్వండి అన్నాను. ఇక్కడ అలవాటే అది. చెయ్యి పోయినవాడి స్థానంలో వాళ్ళ ఇంటివాణ్ణే పెట్టుకుంటే గొడవ పెద్దది కాదు. ఖురానా వెంటనే ఒప్పుకుని భుజం తట్టాడు. "దిల్ అచ్ఛా హై ఆప్కా." నా మనసు మంచిదట.

బయటికొచ్చేసరికి మనసు కొంచెం తేలికపడింది. ఏదో ఒకటి చేశాను కదా.

జూలై 2, ఆదివారం

మధ్యలో ఆ చిప్పు పెట్టి, జనరేటర్ మీద వెల్డింగ్‌తో సహా పరీక్షించి, కార్డు బిగించేసరికి ఒక్కోదానికి రెండు గంటలు. ఇవాళ మూడయ్యాయి. ఒకటి, రెండు, మూడు నంబర్లు. రంపం పళ్ళొచ్చినా ఇప్పుడు ఖచ్చితంగా నాలుగు సెకన్లు.

ఏడుతో మొదలుపెడదామనే వెళ్ళాను. కానీ ప్రమాదం జరిగిన మిషనుకే ముందు చెయ్యి పెడితే ఎవరికైనా అర్థమైపోతుంది. వాచ్‌మన్ నోరు ఊరుకోదు. వరసలో వెళ్తే మామూలు మెయింటెనెన్సులా ఉంటుంది. ఇది తెలివైన పద్ధతే.

జూలై 3

లల్లన్ చేరాడు. రామ్‌బచన్ తమ్ముడు. పాతికేళ్ళుంటాయి, ఊళ్ళో పెళ్ళాం నీళ్ళోసుకుందట. తేజ్‌పాల్ వాణ్ణి ఏడో నంబరు మీదే పెట్టాడు. అన్న మిషను తమ్ముడికి. ఎక్కడ పెడతారని నేనడిగి ఉండాల్సింది. అడగలేదు.

పనిప్పించింది నేనని ఎవరు చెప్పారో, భోజనాల వేళ గదికొచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. లేవరా లేవరా అన్నాను. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్ర రాకుండా కళ్ళల్లో నీళ్ళు కొట్టుకుని వచ్చానన్నాడు. మంచిది, మెలకువగా ఉండు అన్నాను.

జూలై 5

హైమ మాట్లాడటంలేదు. అన్నం పెడుతుంది, చీటీ రాసి ఫ్రిజ్ మీద పెడుతుంది. ఇవాళ్టి చీటీ: రామ్‌బచన్ చేతికి చీము పట్టింది, ఎల్లుండి మళ్ళీ కోస్తారు.

నాకెందుకు రాసినట్టు?

జూలై 9, ఆదివారం

నాలుగు, ఐదు, ఆరు. ఎండకి కళ్ళు తిరిగాయి. సాయంత్రం నాలుగింటికే వాచ్‌మన్ డీజిల్ అయిపోయిందన్నాడు. ఇంకో డబ్బా తెప్పిస్తే ఏడు కూడా అయిపోయేది. వచ్చే ఆదివారం మొదటిది అదే.

ఏడు రోజులు. ఏముంది.

జూలై 13

లల్లన్. మణికట్టు దాకా.

ఉదయం పదకొండున్నర. జనరేటర్. వాడు నిద్రపోలేదు, నేను చూశాను. కరెంటు పోగానే గదిలోంచి వచ్చి వాడి వెనకే పది అడుగుల దూరంలో నిలబడ్డాను. ఏం చెయ్యడానికి నిలబడ్డానో తెలియదు. రేకు తోశాడు, తీశాడు, తోశాడు, తీశాడు. బజర్ మోగడం, పడటం ఒక్కటే అయింది. చెయ్యి లోపలే ఉంది. ఎముక విరిగిన చప్పుడు పదకొండు మిషన్ల మధ్యలో కూడా వినబడింది. వాడు వెనక్కి లాక్కున్నాడు. లాక్కుంటే చెయ్యి రాలేదు, వాడొక్కడే వెనక్కి పడ్డాడు.

నేను అరవలేదు.

తర్వాత మిగతా ప్రెస్సులు ఒక్కొక్కటీ ఆగాయి, ఎవరూ ఆపమనకుండానే. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో ఎప్పుడూ లేదు. తేజ్‌పాల్ అలవాటుగా "సో రహా థా సాలా" అనబోయాడు. మాట పూర్తికాలేదు. ఎవడో రాడ్డుతో మోకాలి మీద కొట్టాడు. కింద పడ్డాక అందరూ వచ్చారు. వీడే మిషనులో ఏదో కెలికాడు, అన్నని తిన్నాడు తమ్ముణ్ణి తిన్నాడు అని అరుస్తూ కొట్టారు. రాడ్లు, రేకు ముక్కలు, మేం పీకేసి మూల పడేసిన ఆ బటన్ల పెట్టెలు. తేజ్‌పాల్ మొదట్లో తిట్టాడు, తర్వాత వాళ్ళమ్మని పిలిచాడు, తర్వాత ఊరుకున్నాడు. ఒక కన్ను బుగ్గ మీదికి వచ్చేసింది.

వాడు దుర్మార్గుడే. కానీ ఆ దెబ్బలు వాడివి కావు.

నేను నా గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాను. తలుపుకి వీపు ఆనించి కింద కూర్చున్నాను. నేనే చేశాను అన్న ముక్క హిందీలో రెండు మాటలు. పెదాల దాకా తెచ్చుకున్నాను. పోలీసులు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.

జూలై 14

ఆరుగురిని పట్టుకెళ్ళారు. చంపబోయారని కేసు. తేజ్‌పాల్‌కి స్పృహ లేదు. లల్లన్‌కి మోచేతి కింద దాకా తీసేశారు.

ఖురానా కొత్త కాగితం తెచ్చాడు. కూలీలే మిషను చెడగొట్టారు, ఇది కుట్ర, సంతకం. మిగిలిన ప్రెస్సులు సోమవారం నుంచి నడుస్తాయట, కొత్త కూలీలని రోజుకూలీలు నిలబడే లేబర్ చౌక్ నుంచి తెస్తాడట. ఏడు నుంచి పన్నెండు దాకా ఆరు కార్డులు ఇంకా నా పాత కార్డులే.

రేపు పెడతాను సాబ్ అన్నాను.

ఇంటికొచ్చి ఈ డైరీ మొదట్నుంచి చదివాను. ఫరవాలేదు అని ఎన్నిసార్లు రాశానో. జూన్ ఇరవై, ఇరవై ఒకటి చదివాక ఇంక చదవలేకపోయాను. హైమని గట్టిగానే కొట్టాను. తిరుపతిలో కూడా గట్టిగానే కొట్టాను.

జూలై 15, శనివారం

జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్న ఏడింటికి ఫ్యాక్టరీకి వెళ్ళాను. గేటు దగ్గర పోలీసు నిద్రపోతున్నాడు. మెయిన్ ఆపి, ఏడు నుంచి పన్నెండు దాకా కార్డులు పీకాను. వైర్లు మొదలంటా కోశాను, సోమవారం ఎవడూ అతికించకుండా. ఒకటి నుంచి ఆరు కూడా పీకేశాను. అవి సరిగ్గానే లెక్కపెడతాయి, కానీ నాలుగు సెకన్లకోసారి మనిషి చెయ్యి అందులోకి వెళ్ళి రావడమే సరైంది కాదు. ఇది మే రెండునే నాకు తెలుసు. పన్నెండు కార్డులూ సంచిలో వేసుకున్నాను.

తొమ్మిదిన్నరకి లేబర్ ఆఫీసు. ఇన్‌స్పెక్టర్ సెలవు, గుమాస్తా సోమవారం రమ్మన్నాడు. టేబుల్ మీద ఏడో నంబరు కార్డు పెట్టాను. దాని మూలల్లో ఎండిన రక్తం ఉంది, నేను తుడవలేదు. గుమాస్తా కుర్చీ వెనక్కి జరిపి ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు. నాలుగు పేజీలు రాసిచ్చాను. కార్డు నేను చేశాను, చిప్పు నేను తీసేశాను, జూన్ ఇరవై అయిదున నాకు తెలిసింది, ఖురానాకి ఇరవై ఆరున చెప్పాను, తెలిసీ లల్లన్‌ని చేర్పించాను, తెలిసీ ఆరో నంబరు దాకానే బాగుచేశాను. అదే కాగితం పోలీసు చౌకీలో ఎస్సైకి ఒకటిచ్చాను. ఆ ఆరుగురు కొట్టింది నిజమే, కానీ ఎందుకు కొట్టారో రాసుకోండి అన్నాను. "పాగల్ హో క్యా? వకీల్‌తో రా," అన్నాడు ఎస్సై. కాగితం మాత్రం తీసుకున్నాడు. ఊరు విడిచి వెళ్ళొద్దన్నాడు. ఎక్కడికి వెళ్తాను.

ఖురానా ఫోన్లు పద్నాలుగు. ఎత్తలేదు.

మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి. హైమ వార్డులోనే ఉంది, డ్రెస్సింగ్ ట్రే పట్టుకుని. నన్ను చూసి ఆగింది. లల్లన్ మత్తులో ఉన్నాడు, దుప్పటి కుడివైపు చదునుగా ఉంది. పక్కన స్టూలు మీద రామ్‌బచన్, కుడిచేతికి కొత్త కట్టు. నన్ను చూసి లేవబోయాడు. సాబ్ వచ్చారని.

నిలబడే చెప్పాను. హిందీలో, ఎలా వస్తే అలా. కార్డు నాది, తప్పు నాది. జనరేటర్ మీద మిషను నిజంగానే తొందరగా దిగింది. నువ్వు చెప్పినప్పుడు నేను వినలేదు. తర్వాత తెలిసింది, నోరు మూసుకున్నాను. నీ తమ్ముణ్ణి అక్కడ పెట్టించిందీ నేనే.

రామ్‌బచన్ నన్నే చూశాడు. కోపం రాలేదేమిటా అనుకున్నాను. చివరికి, చాలా నెమ్మదిగా, "తో మై సోయా నహీ థా?" అన్నాడు.

అంటే, నేను నిద్రపోలేదా?

"లేదు. నువ్వు నిద్రపోలేదు."

"నెల రోజుల్నుంచి నిద్రపోయాననే అనుకుంటున్నాను. మా ఆవిడకి అదే చెప్పాను. వీడు బయల్దేరేటప్పుడు రోజూ చెంప మీద కొట్టి పంపేవాణ్ణి, కళ్ళు మూతలు పడకుండా. నా చేత్తో నేనే కొట్టేవాణ్ణి."

"నువ్వు నిద్రపోలేదు," అన్నాను మళ్ళీ.

అప్పుడు కొట్టాడు. కట్టున్న చేత్తోనే, వేళ్ళు లేని ఆ చేత్తో, నా మొహం మీద. కొట్టినవాడే కెవ్వుమన్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ వాడే అరిచాడు. నా కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. కట్టు మీద ఎరుపు పైకి వచ్చింది. వార్డులో అందరూ లేచి కూర్చున్నారు. వార్డ్‌బాయ్ పరిగెత్తుకొచ్చాడు. మూడోసారి ఎత్తేసరికి హైమ ట్రే కింద పెట్టి, మా మధ్యకి వచ్చి, ఆ చెయ్యి పట్టుకుంది.

నన్ను కాపాడుతోందనుకున్నాను. ఆ ఒక్క క్షణం నిజంగా అలాగే అనుకున్నాను.

"ఈ చేత్తో వద్దు భయ్యా, కుట్లు ఊడిపోతాయి," అంది రామ్‌బచన్‌తో, హిందీలో, మెత్తగా. కట్టు సరిచేసి, ఆ చేతిని వాడి ఛాతీకి ఆనించి పెట్టింది. తర్వాత పక్కకి జరిగింది.

"ఎడంచేత్తో కొట్టు."

నేను కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.